ఎర్ర చుక్క పెట్టిన డబ్బా

"దాన్ని ఎర్రదాంట్ల పెట్టకు."

"గంతమాత్రం నాకు తెల్వదా? పో, పొద్దెక్కుతాంది."

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మొదటిది ఆయనది, రెండోది నాది. ఆ తర్వాత ఆయన తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో తెలియదు. చెప్పు తొడుక్కోవడానికే ఆగాడేమో. లేదంటే ఇంకేదో చెప్పబోయి, నా మొహం చూసి మానుకున్నాడేమో.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నేను మాట్లాడినట్టు కాకుండా పుస్తకాల్లో ఉన్నట్టు రాస్తానంది. నీ ఇష్టం బిడ్డా, కానీ ఆయన మాటలు మాత్రం ఆయన అన్నట్టే ఉంచు అన్నాను.

ఎర్రది అంటే ఏమిటో ముందు చెప్పాలి. సౌదీలో ఖతీఫ్ అనే ఊళ్ళో చేపల మార్కెట్టు వెనక ఒక పాత ఇంటి మేడ మీద ఉండేవాళ్ళం. అక్కడి పాత ఇళ్ళలో గోడకు రెండు రకాల కరెంటు వచ్చేది. లైట్లకు, టీవీకి తక్కువది. ఏసీకి ఎక్కువది. మన ఊళ్ళో కరెంటు అంటే ఒక్కటే, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నేను వెళ్ళిన మొదటి వారమే మన మిక్సీని టీవీ ప్లగ్గులో పెడితే అది ముసలాయన మెట్లెక్కినట్టు మూలుగుతూ తిరిగింది. పప్పు నలగలేదు. మిక్సీ పాడైందని నేను ఏడుస్తుంటే ఆయన నవ్వి, దాన్ని ఏసీ ప్లగ్గులో పెట్టాడు. అప్పుడు గిర్రున తిరిగింది.

"మరి అన్నీ దాంట్లనే పెట్టుకుందాం, అయిపాయె" అన్నాను.

"పెట్టు. టీవీ పటాకోలె పేల్తది, సూద్దువుగాని."

ఆ రోజే రెండు రియాళ్ళ దుకాణం నుంచి గోళ్ళ రంగు సీసాలు రెండు తెచ్చాడు. ఏసీ ప్లగ్గు పక్కన ఎర్ర చుక్క పెట్టాడు, టీవీ ప్లగ్గు పక్కన పసుపు చుక్క పెట్టాడు. చదువు రాని దాన్ని కదా, చుక్కలైతే మర్చిపోను.

ఆయన పని టీవీలో ఆడుకునే గేము డబ్బాలు బాగు చేయడం. డబ్బాలో మిగతావి ఏమో గానీ, ఎక్కువగా చెడిపోయేది కరెంటును మింగి లోపలికి పంచే భాగం. దాన్ని సప్లై అనేవాడు. కొన్నిటికి లోపలే ఉంటుంది, కొన్నిటికి నల్ల ఇటుకలాగా బయట తీగకు వేలాడుతుంది. అమెరికా నుంచి ఎవరో తెచ్చుకున్నవి పసుపుదాంట్లోనే నడుస్తాయి. ఇంకొన్ని రెండింట్లోనూ నడుస్తాయి. ఏది ఏదో డబ్బా అడుగున చీమల్లాంటి అక్షరాలతో రాసి ఉంటుందట.

ఈ పని మొదట దుకాణంలోనే చేసేవాడు. ముందు భాగంలో ఫోన్లు అమ్మేవాళ్ళు, వెనక బల్ల మీద ఆయన ఉండేవాడు. తర్వాత నితాఖత్ అన్నారు, ఫోన్ల దుకాణాల్లో సౌదీ వాళ్ళే కూర్చోవాలన్నారు. చెకింగ్ వాళ్ళు రావడం మొదలైంది. ఆయన్ను బల్ల దగ్గర చూస్తే దుకాణానికి జుర్మానా పడుతుందని, పని ఇంటికి తీసుకుపొమ్మన్నాడు కఫీల్, అంటే ఆయన్ను వీసా మీద పెట్టుకున్న దుకాణం యజమాని. ఆయన స్థానంలో ఒక సౌదీ అమ్మాయిని కూర్చోబెట్టాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించని నల్ల అబాయా పిల్ల. ఆమెకు పని నేర్పే బాధ్యత కూడా ఈయనదే. తన కుర్చీలో కూర్చోవడం తనే నేర్పాలి. ఇదేమి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

"ఆమె అచ్చుడువట్టే కదా నువ్వు ఇంట్ల పడ్డవు? మళ్ళ ఫోన్ల గంటలు గంటలు చెప్తవ్" అనేదాన్ని.

"చెయ్యి మంచిదే, భయమే ఎక్కువ. నీకు నేర్పలేదా? ఆమెకూ అట్లనే" అనేవాడు.

నాకు నేర్పిన మాట నిజమే. సప్లై ఆరోగ్యం చెవితో, ముక్కుతో, చేత్తో చూడటం నేర్పాడు. సన్నగా ఈలలాంటి మోత వస్తే లోపల కాయిల్ వదులైనట్టు. సప్లై లోపలి కండెన్సర్ కాలితే చేప వాసనే వస్తుంది, మార్కెట్టుదే అనుకునేదాన్ని ఒక్కోసారి, కానీ మార్కెట్టు చేప వేరు, కాలుతున్న కండెన్సర్ చేప వేరు. గోడ ప్లగ్గుకు ఆయన చిన్న మీటరు ఒకటి పెట్టేవాడు, డబ్బా ఎంత కరెంటు తాగుతోందో అందులో కనిపించేది. ఒకే ఆట, ఒకే రకం డబ్బాలు రెండు. ఒకటి తక్కువ తాగేది, ఇంకోటి ఎక్కువ తాగేది.

"ఎక్కువ తాగింది ఎటు పాయె? ఆట ఒక్కటే గద?" అని అడిగాను.

"చెయ్యి పెట్టి సూడు."

పెట్టాను. ఎక్కువ తాగింది కాలుతోంది.

"గోడల నుంచి అచ్చిందంత ఆటకు పోదే. కొంత వేడైతది. మంచి సప్లై అంటే వేడి తక్కువ చేసేది. వేడి అస్సలే లేని సప్లై ఎక్కడా ఉండది."

పొయ్యి మంట అంతా గిన్నెకే తగలదు, పక్కలకు పోతుంది. అట్లా అనుకుంటే నాకు కొంత తెలిసింది. పూర్తిగా తెలిసిందని మాత్రం చెప్పను.

బాగు చేశాక డబ్బాను రెండు ఆటల సేపు నడపాలి. ఊరికే వెలిగించి వదిలేస్తే సరిపోదు, ఆట ఆడితేనే అది పూర్తిగా కరెంటు లాగుతుంది. ఆయనకు అంత తీరిక ఉండదు. కాబట్టి ఆడేది నేను. అన్నం పొయ్యి మీద పెట్టి, కొంగు దోపుకుని, కార్ల ఆట ఆడేదాన్ని. గోడకు గుద్దేదాన్ని, నీళ్ళలో పడేసేదాన్ని. బయట ఆడవాళ్ళు కారు నడపకూడని దేశంలో నేను రోజూ నాలుగైదు కార్లు ముక్కలు చేశాను. "సూస్తే ఆట, చేస్తే డ్యూటీ" అని ఆయన ఎక్కిరించేవాడు. రెండు ఆటలయ్యాక నా అరచెయ్యి సప్లై మీద పెట్టాలి. తర్వాత నా చెయ్యి తీసి ఆయన చెయ్యి పెట్టేవాడు. ఇద్దరికీ సరే అనిపిస్తే అప్పుడు చుక్క.

ఆ చుక్క పెట్టేది నేనే. డబ్బా తెచ్చిన వాళ్ళ ఇంట్లో ఎక్కువ కరెంటు ఉంటే ఎర్రది, తక్కువ ఉంటే పసుపుది. చుక్క ఉందంటే పని పూర్తయిందని, ఆ ఇంటి గోడలో నిర్భయంగా పెట్టుకోవచ్చని. దుకాణంలో మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు. కఫీల్ డబ్బా అడుగున చుక్క చూసి, దాన్ని ఇచ్చేసేవాడు. ఖతీఫ్‌లో ఎన్ని ఇళ్ళలో మా చుక్కలు ఉండేవో.

ఇంతలో మా బోటి వాళ్ళ మీద పన్ను వేశారు. ఇంట్లో కూర్చున్న భార్యకు నెలకింత, వచ్చే ఏడు ఇంకింత. ఆయన లెక్క చెప్పబోతే నేను విననేలేదు.

"అయితే నేను వేడినన్నట్టు. గోడల నుంచి అచ్చి, ఆటకు రాక పోయేదాన్ని."

ఆయన చాలాసేపు నవ్వాడు. "వేడి లేకుంటె డబ్బా సచ్చినట్టేనే" అన్నాడు. అన్నాడు గానీ, వచ్చే నెల నాకు ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపాలనే అనుకున్నాడు. దాని మీదే మాకు గొడవ. ఆ వారమంతా నేను ముఖం ముడుచుకునే ఉన్నాను. "పో" అన్న ఆ మాట అందుకే అట్లా వచ్చింది.

ఇక ఆ మాటకు ముందురోజు సంగతి. ఇక్కడే నాకు తికమక.

ఆ సాయంత్రం బల్ల మీద మూడు డబ్బాలున్నాయి. రెండింటి పని అయిపోయింది. మూడోది రెండింట్లోనూ నడిచే రకం, పసుపుదాంట్లో వెలుగుతోంది, పైమూత పెట్టి ఉంది, మరలు రెండే బిగించి ఉన్నాయి. మూడూ ఎక్కువ కరెంటు ఇళ్ళవే అని ఆయన చెప్పి ఉన్నాడు. ఎర్ర సీసా పాతబడింది, మూత తీస్తే చాలు రంగు గట్టిపడుతోంది. మళ్ళీ మళ్ళీ ఎందుకు తీయాలని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మూడింటికీ ఒకేసారి చుక్కలు పెట్టేశాను. మూడోది ఆడి చూడలేదు. చేతులు పెట్టి చూడలేదు. ముందుగా చుక్క పెట్టడం మేము ఎప్పుడూ చేయని పని. అయినా చేశాను.

తెల్లవారి ఆయన పూర్తయిన రెండూ సంచిలో పెట్టుకున్నాడు. మూడోదాన్ని ఎత్తి చూసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. అడుగున చూశాడా? చూసే ఆ మాట అన్నాడా? చుక్క చూసి ఉంటే తిట్టాలి కదా. తిట్టలేదు. చూడకపోతే, ఎర్రదాంట్లో పెట్టొద్దని ఎందుకు చెప్పాడు? నేనేమో నాకు తెల్వదా అన్నాను. నిజానికి నాకేమీ తెలియదు.

మధ్యాహ్నం దుకాణం మెట్ల మీద కూలబడ్డాడట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. గుండె అన్నారు. కింది వాటాలో ఉండే ఆవిడ వచ్చి నా చేతులు పట్టుకుని చెబుతుంటే, పొయ్యి మీద అన్నం ఉందని నేను లేచి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో.

అక్కడ మనిషిని పంపాలన్నా, శవాన్ని పంపాలన్నా కాగితాలు ఉంటాయి. ఆయన చేతికి అప్పగించిన దుకాణం సామానంతా ఒక కాగితం మీద రాసి ఉంటుంది, దాన్ని ఉహ్దా అంటారు. అది లెక్కకు లెక్క తిరిగి అప్పగించి, సరిపోయిందని కఫీల్ సంతకం పెడితేనే ఎగ్జిట్. ఆయనకూ నాకూ ఒకే విమానంలో. శవం ఆస్పత్రి ఐసుగదిలో పన్నెండో రోజు. ఊళ్ళో మా బావ, అంటే ఆయన అన్న, రోజుకు రెండుసార్లు ఫోను. "ఎప్పుడమ్మా? మేం తిండి తింటలేం ఇక్కడ."

పన్నెండో రోజున కఫీల్ వచ్చాడు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇల్లని తను కింద కారులోనే ఉండి, దుకాణంలో కూర్చునే ఆ అమ్మాయిని పైకి పంపాడు. కాగితం ఆమె చేతిలో ఉంది. బల్ల మీద మిగిలిన ఆ ఒక్కటీ, అంతకుముందే చుక్కలు పెట్టి మూలన పేర్చి ఉంచిన ఆరూ కలిపి ఇంట్లో ఏడు డబ్బాలు. ఒక్కొక్కటి పెట్టి, వెలిగిందా చూసి, గుర్తు కొట్టి, సాయంత్రానికి సంతకం. రేపటికి టికెట్టు.

ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయన కుర్చీ తీసుకుంది, ఇప్పుడు ఆయన సామాను లెక్క తీసుకోవడానికి వచ్చింది. ఆమె మాత్రం లోపలికి వచ్చి, ఆయన బల్లను చూసి అక్కడే నిలబడిపోయింది. స్క్రూడ్రైవర్లను వేలితో ముట్టుకుంది. "ఉస్తాద్" అంది మెల్లగా. గురువని.

ఆరు డబ్బాలు అయిపోయాయి. చుక్క చూడటం, ఆ రంగు ప్లగ్గులో పెట్టడం, వెలగడం. ఏడోది ఎత్తింది. పన్నెండు రోజులుగా నేను దాన్ని ముట్టలేదు. తీగ పసుపుదాంట్లోనే ఉంది, బత్తీ వెలుగుతోంది. ఆమె అడుగున ఎర్ర చుక్క చూసింది. పసుపుదాంట్లోంచి పీకింది. ఎర్రదాని వైపు వంగింది.

ఆ కాసేపట్లో నా బుర్రలో ఎన్ని తిరిగాయో చెప్పలేను. ఊరుకుంటే సంతకం అవుతుంది. రేపు ఆయన్ను తీసుకుని ఇంటికి పోతాను. వెలుగుతుందేమో, ఆయన వేరే డబ్బా గురించి అన్నాడేమో. ఇప్పుడు వెలిగి, తర్వాత ఎవరి ఇంట్లోనో పేలితే? ఆ ఇంట్లో నాలాగే ఒకామె ఆ డబ్బా ముందు కూర్చుని ఉంటే? చెబితే ఈ చుక్క అబద్ధమని తేలుతుంది. ఈ ఒక్క చుక్క అబద్ధమైతే ఆ ఆరు చుక్కల మాటేమిటి? ఊరంతా ఉన్న ఆయన చుక్కలన్నిటి మాటేమిటి?

నా చెయ్యి ముందుకు వెళ్ళి తీగ పట్టుకుంది. నేను నిర్ణయించుకుని పట్టుకున్నానని మాత్రం చెప్పను.

"లా, లా. అహ్మర్ లా." వద్దు, ఎర్రది వద్దు. నాకొచ్చిన అరబ్బీ అంతే.

ఆమె డబ్బా తిప్పి ఎర్ర చుక్క చూపించింది. "అహ్మర్!" అంది. ఇదిగో ఎర్రదే కదా అని.

"అహ్మర్ లా!"

"హాదా అహ్మర్!"

ఇద్దరం ఒకే మాట అరుస్తున్నాం, ఒకరిది ఒకరికి అర్థం కావడం లేదు. ఇక నేను డబ్బా లాక్కుని, ఆ చుక్కను గోటితో గీకేశాను. గీకి, నా గుండెల మీద చెయ్యి పెట్టుకుని "అనా, అనా" అన్నాను. నేను పెట్టాను, ఆయన కాదు, అని. ఎర్ర పొట్టు నా గోటి కింద ఇరుక్కుంది.

అరుపులు విని కఫీల్ మెట్ల దాకా వచ్చాడు. సంగతి విని, నాతో వచ్చీరాని హిందీలో అన్నాడు: "బహెన్, చుక్క ఉండింది, బత్తీ వెలిగింది. ఎందుకు నీకు? నేను సంతకం పెడతాను. ఇంటికి పో." చెడ్డవాడు కాదు. నా కోసమే అన్నాడు. అదే నాకు ఇంకా కష్టమైంది.

ఆ అమ్మాయి అప్పటికే ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని మూత విప్పుతోంది. సప్లై బయటికి తీసి, అందులో నిలువుగా ఉన్న ఒక నల్ల కండెన్సర్‌ను చూపించింది. దాని మీద అంకెలు పెద్దవే, నేనూ పోల్చుకున్నాను: రెండు, సున్నా, సున్నా. ఆమె వేళ్ళతో నాలుగు చూపించింది. నాలుగు వందలది ఉండాల్సిన చోట రెండు వందలది. చిన్న కరెంటుకు ఆగుతుంది, పెద్దదానికి ఆగదు. పిడికిలి బిగించి ఒక్కసారిగా వేళ్ళు విప్పింది. పేలుతుందని.

ఆయన దగ్గర సరైనది లేక, మిగతాదంతా నడుస్తోందో లేదో చూడటానికి తాత్కాలికంగా చిన్నది పెట్టి ఉంటాడు. పెద్దది వచ్చాక మార్చుదామనుకుని ఉంటాడు. అంతే. ఇంత చిన్న సంగతి నాకు చెప్పి ఉంటే పోయేది కదా. నేను "పో" అనకపోతే చెప్పేవాడేమో.

ఆ పెద్ద కండెన్సర్ దమ్మామ్ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. లోపలి సంగతి చూశాక, ఏడో గుర్తు లేకుండా ఏడు డబ్బాలు సరిపోయాయని రాయడం కుదరదని కఫీల్ కూడా అన్నాడు, అంతవరకు సంతకం ఆగింది. టికెట్టు రద్దయింది. బావ ఫోనులో అరిచాడు: "పిల్లలాడే డబ్బ కోసం నా తమ్ముని శవాన్ని ఆపినవా? నీకు మతి ఉందా?" చెప్పాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? రెండు కరెంట్ల నుంచా, చుక్క నుంచా? మతి ఉందో లేదో నాకే తెలియలేదు. ఆ నాలుగు రోజులు ఆస్పత్రి దిక్కు తిరిగి కూర్చుని "ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు" అనుకున్నాను, బస్సు కోసం ఆగిన మనిషికి చెప్పినట్టు.

నాలుగో రోజు ఆమె ఒక్కతే వచ్చింది, తనే బండి నడుపుకుంటూ. ఆ ఏడే వాళ్ళకు ఆ పర్మిషన్ వచ్చింది. బల్ల దగ్గర ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు, లైటు పట్టుకుని నిలబడ్డాను. మార్చి, మూత బిగించి, ఎర్రదాంట్లో పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఏ మోతా రాలేదు. ఈల లేదు, చేప వాసన కింది మార్కెట్టుదే.

ఆమె మీటరు చూసి "జైన్" అంది, బాగుందని. వెళ్ళబోయింది. నేను ఆపి, ఆట పరికరం తీసుకుని కూర్చున్నాను. రెండు ఆటలు ఆడాను. ఆ రోజు ఒక్క కారూ గోడకు గుద్దలేదు, ఎందుకో. తర్వాత సప్లై మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా ఉంటే సరి? ఆ సంగతి ఎప్పుడూ ఆయన చెయ్యే తేల్చేది. నేను పెట్టేదాన్ని, అంతే. నాకు తెలియక చెయ్యి తీయలేదు. ఆమె నా చేతిని మెల్లగా పక్కకు జరిపి తన అరచెయ్యి పెట్టింది. ఆయన నేర్పే ఉంటాడు. కాసేపు పెట్టి, తల ఊపింది.

ఎర్ర సీసా ఎండిపోయింది, మూత రాలేదు. ఆమె తన సంచిలోంచి తన గోళ్ళ రంగు తీసి నాకు ఇచ్చింది. మాదానికన్నా ముదురు ఎరుపు. గీకిన చోటే పెట్టాను. సాయంత్రం కఫీల్ సంతకం పెట్టాడు. మర్నాటి విమానంలో ఆయన్ను తీసుకుని వచ్చాను.

ఊళ్ళో అందరూ ఇప్పటికీ అడుగుతారు, ఆఖరికి ఏమన్నాడు, నీ గురించి ఏమన్నా అన్నాడా అని. ఎర్రదాంట్ల పెట్టకన్నాడు అంటే నవ్వుతారు, లేకపోతే జాలిపడతారు. నాకు మాత్రం ఒక్కటే తేలలేదు. ఆయన ఆ పొద్దున నా చుక్క చూశాడా, లేదా? చూసి ఉంటే, నా తప్పు తెలిసి కూడా తిట్టకుండా ఆ ఒక్క మాట అని వెళ్ళాడన్నమాట. చూడకపోయి ఉంటే అది ఉత్త పని మాట. ఒక రోజు చూశాడనిపిస్తుంది, ఒక రోజు లేదనిపిస్తుంది. ఆయన గొంతు గుర్తు తెచ్చుకుంటే తేలుతుందనుకుంటాను, కానీ తలుచుకున్న ప్రతిసారీ గొంతు వేరేగా వినిపిస్తోంది.

చాలు, రాసింది చాలు బిడ్డా. ఇప్పుడు అంతా వద్దు గానీ, మొదట్ల రాసినవు సూడు, ఆయన అన్న మాట, అదొక్కటి చదువు. నాది చదవకు. ఆయనదే. కోపం లేకుంట ఒకసారి, కోపంగ ఒకసారి చదువు. నేను కండ్లు మూసుకొని వింట.